ఉసిరి ఒరుగులు, పొడి, తొక్కు: ఇంట్లో చేసుకునే పద్ధతి, వాడాల్సిన మోతాదు

కార్తీకం మొదలైన దగ్గరి నుంచి మాఘం వరకు పాఠకులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. పొడి కొట్టిన నెల తిరక్కుండానే ఎందుకు గడ్డ కట్టింది? ఒరుగులు నల్లబడ్డాయి, పారేయాలా? షుగరు ఉన్నవారు రోజూ తీసుకోవచ్చా? పరగడుపున తాగితే కడుపులో మంట, ఏం చేయాలి? వీటన్నిటికీ ఒక్కచోటే జవాబు ఉండేలా ఇది రాస్తున్నాను. ముందు తయారీ, తరువాత వాడకం. తొందరలో ఉన్నవారు మిగతాది వదిలేసినా, ఎవరు జాగ్రత్త పడాలో చెప్పిన భాగాన్ని మాత్రం తప్పక చదవండి.

ఇక్కడ చెప్పేదంతా రాచ ఉసిరి గురించి. చారలు చారలుగా, పాలిపోయిన పసుపు రంగులో, గుత్తులుగా కాసే పుల్లని చిన్న ఉసిరి వేరు. కామెర్లకు నాటువైద్యంలో వాడే నేల ఉసిరి అసలు చెట్టే కాదు, జానెడు ఎత్తు పెరిగే మొక్క. మూలికల దుకాణంలో "ఉసిరి పొడి" అని మాత్రమే అడిగితే ఒకదానికి బదులు మరొకటి కట్టి ఇచ్చే ప్రమాదం ఉంది. రాచ ఉసిరి అని గట్టిగా చెప్పి తీసుకోండి. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్నవారికి ఇంకో మాట: అక్కడి సూపర్‌మార్కెట్లలో గూస్‌బెర్రీ పేరుతో దొరికేది ఇది కాదు. భారతీయ దుకాణాల్లో ఆమ్లా అని అడగండి. ఫ్రీజర్‌లో ఉంచిన కాయలైనా సరే, పనికొస్తాయి.

ముందుగా ఒక్క విషయం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఉసిరిలో 250 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంది. పాత పట్టికల్లో 600 అని ఉండేది. రకాన్ని, పక్వాన్ని బట్టి ఇది మారుతుంది. తక్కువ అంకెనే తీసుకున్నా, ఒక మోస్తరు కాయ ఒక మనిషి రోజువారీ అవసరానికి (పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు) దాదాపు సరిపోతుంది. అందుకే కాయలు దొరికే రోజుల్లో పొడి జోలికి పోకండి. రోజుకొక పచ్చి కాయ, అన్నంతోనో పప్పులోనో పచ్చడిగానో తినండి. అంతకు మించిన వాడకం లేదు.

ఎండబెడితే విటమిన్ సి చాలావరకు తగ్గుతుంది. వగరు పదార్థాలు, పీచు, పులుపు నిలుస్తాయి. మలబద్ధకానికి, జీర్ణానికి పొడి ఉపయోగపడేది వాటివల్లే. కాయ దొరకని వేసవిలో, వానల్లో పొడి ఒక ఆసరా, అంతే.

కావలసినవి

- రాచ ఉసిరికాయలు 2 కిలోలు: ఒక కిలో ఒరుగులకు, ఒక కిలో తొక్కుకు
- కల్లుప్పు 150 నుంచి 200 గ్రాములు, పసుపు 2 చెంచాలు (తొక్కుకు మాత్రమే)
- స్టీలు ఇడ్లీ పాత్ర, స్టీలు చాకు
- పలుచని నూలు బట్టలు రెండు, వెదురు చాట లేదా వెడల్పాటి స్టీలు పళ్లెం
- బిగుతు మూత ఉన్న గాజు సీసాలు, ఒక పింగాణీ జాడీ

ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు వద్దు. ఉసిరి పులుపు వాటిని తినేస్తుంది. పైగా ఇనుము, రాగి తగిలితే విటమిన్ సి ఇంకా త్వరగా పోతుంది. ఇనుప కత్తిపీటతో కోస్తే కోసిన చోటల్లా నల్లబడటం మీరు చూసే ఉంటారు.

ఎప్పుడు కొనాలి, ఎలాంటివి కొనాలి

కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి, వనభోజనాలకు కాయ బజారుకు వస్తుంది. పూజకు, పచ్చడికి అప్పుడే కొనండి. ఒరుగులకు మాత్రం ఆగండి. అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తాలో తుపాను ముసురు పట్టుకుంటే చాటలో కాయ ముక్కలు రెండు రోజుల్లో బూజు పడతాయి. డిసెంబరు చివర, జనవరిలో ఎండ నిలకడగా ఉంటుంది, కాయ కూడా బాగా ముదురుతుంది.

మంచి కాయ గట్టిగా, లేత ఆకుపచ్చ నుంచి పసుపు రంగుకు తిరుగుతూ, వెలుతురులో పెడితే కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది. పైనుంచి కిందికి ఆరు సన్నని గీతలు ఉంటాయి. వేలితో నొక్కితే దిగే కాయ, గోధుమ రంగు మచ్చ ఉన్న కాయ తీసేయండి. పైకి నున్నగా ఉండి లోపల గింజ చుట్టూ గోధుమ రంగుకు తిరిగిన కాయలూ వస్తుంటాయి. ఎక్కువ మొత్తం కొనేటప్పుడు ఒకటి కోయించి చూడటానికి మొహమాటపడకండి.

బజారులో రెండు రకాలు కనిపిస్తాయి. నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చే నాటు కాయ చిన్నది, పీచు ఎక్కువ, వగరు ఎక్కువ. తోటల్లో పెంచే బనారసి, చకయ్య, ఎన్‌ఏ-7 లాంటి రకాల కాయలు పెద్దవి, కండ ఎక్కువ. పొడికి నాటు కాయ, తొక్కుకు తోట కాయ బాగుంటాయన్నది నా అభిప్రాయం. దొరికినదానితో చేసుకున్నా నష్టం లేదు.

ఒరుగులు, పొడి

1. కాయలను రెండు మూడు నీళ్లలో కడిగి, బట్టతో ఒక్కొక్కటీ తుడిచి, నీడలో ఒక పూట ఆరనివ్వండి. తొడిమ దగ్గర గుంటలో నీటి చుక్క నిలుస్తుంది, అక్కడ ప్రత్యేకంగా తుడవండి.

2. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక కాయలను పై పళ్లెంలో పెట్టి 6 నుంచి 8 నిమిషాలు ఆవిరి పట్టండి. గీతల వెంట పగుళ్లు కనిపించగానే దింపేయాలి. నీళ్లలో వేసి ఉడికించకండి: సారం నీళ్లలోకి దిగిపోతుంది, మీరు ఎండబెట్టేది పిప్పి. ఫ్రీజర్ కాయలైతే ఆవిరి అక్కర్లేదు. కరిగేసరికి కండ మెత్తబడి గింజ నుంచి విడిపోతుంది. ఆ నీరు పారబోయకుండా మజ్జిగలో కలుపుకోండి.

3. చల్లారాక చేత్తో నొక్కితే కండ తొనలుగా విడిపోతుంది. గింజ తీసేయండి. తొనలు మందంగా ఉంటే చాకుతో నిలువునా రెండుగా చీల్చండి. మందపు తొన పైకి ఎండినట్టే కనిపించి లోపల తడిగా మిగులుతుంది. పొడి గడ్డకట్టడానికి మొదటి కారణం ఇదే.

4. చాటలో బట్ట పరిచి తొనలను ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మీద మరో పలుచని బట్ట కప్పి ఎండలో పెట్టండి. నీడలో ఎండబెడితే విటమిన్ ఎక్కువ మిగులుతుందన్నది నిజమే. కానీ గాలిలో తేమ ఉండే ఊళ్లలో నీడన పెట్టిన ముక్క ఎండేలోపే బూజు పడుతుంది. బూజు పట్టిన మందు కంటే విటమిన్ తగ్గిన మందు నయం. పొడి గాలి ఉండే రాయలసీమలో, తెలంగాణలో నీడ పద్ధతి ప్రయత్నించవచ్చు.

5. పొద్దు వాలకముందే చాట ఇంట్లోకి తెచ్చేయండి. పుష్యమాసపు మంచు ఒక్క రాత్రి పడినా రెండు రోజుల ఎండ వృథా. రోజుకోసారి తొనలు తిరగేయండి. ఎండను బట్టి 4 నుంచి 7 రోజులు పడుతుంది.

   ఎండ లేని అపార్టుమెంట్లలో, విదేశాల్లో ఉన్నవారు ఫుడ్ డీహైడ్రేటర్‌లో 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద పెట్టండి. ఓవెన్ అయితే ఉన్నంతలో అతి తక్కువ వేడి పెట్టి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. 8 గంటలు దాటాక గంటకోసారి చూస్తుండాలి. మైక్రోవేవ్ వద్దు, అంచులు మాడి మధ్యలో తడి అలాగే ఉంటుంది.

6. ఎండిందో లేదో చూసే పరీక్ష: తొనను వంచండి. వంగితే ఇంకా ఎండాలి. ఫట్‌మని విరిగితే సరిపోయింది. అక్కడితో ఆగకండి. గుప్పెడు ఒరుగులను గాజు సీసాలో వేసి మూత బిగించి ఎండ తగిలే కిటికీలో ఒక పూట ఉంచండి. సీసా లోపలి గోడకు ఏ కొంచెం ఆవిరి పట్టినా మొత్తం సరుకును మళ్లీ ఎండబెట్టాలి. ఈ రెండో పరీక్ష చేయనివారి పొడే ఎక్కువగా పాడవుతోంది.

7. ఒరుగులను ఒరుగులుగానే దాచుకుని, నెలకు సరిపడా మాత్రమే పొడి కొట్టండి. కిలో కాయలకు 150 గ్రాములకు అటూ ఇటూ ఒరుగులు వస్తాయి. మొత్తం ఒకేసారి పొడి చేసేస్తే గాలి తగిలే మేర పెరిగి పులుపు, వాసన త్వరగా తగ్గుతాయి, తేమ కూడా తొందరగా పీల్చుకుంటుంది.

8. పొడి కొట్టే ముందు ఒరుగులను మరో గంట ఎండలో పెట్టి, చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే గిన్నె వేడెక్కి పొడి చెమ్మగిల్లుతుంది. పలుచని బట్టలో జల్లించి, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే సీసాకు ఎత్తండి. జల్లెడలో మిగిలిన పీచును పారేయకుండా చారు మరిగేటప్పుడు వేయండి.

రంగు గురించి భయం వద్దు. ఇంట్లో చేసిన పొడి లేత గోధుమ రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు ఎలా అయినా ఉండవచ్చు. ఒరుగులు ముదురు రంగుకు తిరగడం పాడవడం కాదు. తెల్లటి, ఆకుపచ్చటి నూగు, ముక్కిన వాసన కనిపిస్తే మాత్రం మొత్తం పారేయండి. పైపైన తీసేసి మిగతాది వాడటం ప్రమాదం.

కొన్న పొడిని కూడా నాలుకతో పరీక్షించండి. చిటికెడు నోట్లో వేసుకుంటే ముందు పులుపు, వెంటనే వగరు తెలియాలి. ఆపైన గుక్కెడు మంచినీళ్లు తాగితే తియ్యగా అనిపించాలి. పులుపే లేకపోతే అది పాతదో కల్తీదో. ఏదైనా వాడవద్దు.

తొక్కు

జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవారికి పథ్యం పెట్టేటప్పుడు మన ఇళ్లలో జాడీలోంచి తీసేది ఇదే. పొడి కంటే దీన్నే నేను ఎక్కువ ఇష్టపడతాను, ఎందుకంటే ఇందులో కాయకు ఎండ సెగ, పొయ్యి సెగ రెండూ తగలవు.

1. కడిగి తుడిచి ఆరబెట్టిన కిలో కాయలను రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. రోలు లేకపోతే గింజ తప్పించి ముక్కలు కోసి, మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపండి.

2. ఎండలో పెట్టి తడి పోగొట్టిన ఉప్పు, పసుపు కలిపి జాడీలో అదిమి, వాసెన కట్టి మూడు రోజులు కదపకుండా ఉంచండి.

3. మూడో రోజు ఊరిన ముద్దను తీసి, గింజలు ఏరేసి, మళ్లీ ఒకసారి దంచి జాడీకి ఎత్తండి. తడి చెయ్యి, తడి గరిటె తగలనివ్వకండి.

4. కావలసినప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసుకుని ఎండుమిరప, ఆవాలు, మెంతులు, ఇంగువ తాలింపు వేసుకోండి. పథ్యం తినేవారికి కారం తగ్గించండి.

రోజులు గడిచేకొద్దీ తొక్కు నల్లబడుతుంది. అందుకే దాన్ని నల్ల పచ్చడి అంటారు. కంగారుపడి పారేసేవారు ఉన్నారు కనుక చెబుతున్నాను. నురగ, పుల్లటి సారా వాసన వస్తే మాత్రం ఉప్పు చాలలేదని, తడి తగిలిందని అర్థం. రక్తపోటు ఉన్నవారికి ఈ ఉప్పు ఎక్కువే. వారానికి ఒకటి రెండు సార్లు, చెంచాకు మించకుండా తినండి.

తేనెలో ఉసిరి గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఆవిరి పట్టిన తొనలను తడి మీదే తేనెలో వేస్తే వారంలో బుడగలు వచ్చి పులిసిపోతుంది. ఒక రోజు ఎండలో వాడ్చి వేయండి. షుగరు ఉన్నవారికి ఇదీ వద్దు, పంచదార పాకంలో వేసిన మురబ్బా, బజారు క్యాండీ అసలే వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు.

ఎంత, ఎప్పుడు, ఎలా

ఆయుర్వేద గ్రంథాల మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. ఇంట్లో సొంతంగా వాడేవారు కింది అంకె దాటనక్కర్లేదు, అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా. మొదటి వారం పావు చెంచాతో మొదలుపెట్టండి. మొదటి రోజే రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో కలుపుకుని పరగడుపున తాగడం అందరూ చేసే పొరపాటు. దాని ఫలితమే కడుపు మంట, నీళ్ల విరేచనాలు.

- మామూలు ఆరోగ్యానికి: ఉదయం ఫలహారం అయ్యాక గోరువెచ్చని నీళ్లలో, లేదా పల్చని మజ్జిగలో. ఇంకా మంచి పద్ధతి, మధ్యాహ్నం మొదటి ముద్ద అన్నంలో పొడి, చిటికెడు ఉప్పు, నెయ్యి వేసుకుని తినడం. పాలలో కలపకండి, విరిగిపోతాయి.

- మలబద్ధకానికి: పడుకునే ముందు అర చెంచా, వేడి నీళ్లతో. రాత్రిపూట, ఆదివారం ఉసిరి తినకూడదనే ఆచారం ఉన్న ఇళ్లవారు ఆ రోజులు, ఆ వేళ తప్పించి తెల్లవారుజామున తీసుకోండి. ఉసిరి, కరక్కాయ, తానికాయ పొడులు సమపాళ్లలో కలిపితే త్రిఫల. అది దీనికంటే గట్టిగా పనిచేస్తుంది, కాబట్టి మోతాదు సగానికి తగ్గించండి.

- షుగరు ఉన్నవారికి: ఉసిరి పొడితో చక్కెర, కొవ్వు కొంత తగ్గినట్టు కొద్దిమందిపై చేసిన పరిశోధనల్లో తేలింది. మాత్ర మానేయడానికి అది ఎంతమాత్రం చాలదు. వాడదలిస్తే డాక్టరుకు చెప్పి, మాత్రలు కొనసాగిస్తూ, పరగడుపు చక్కెర వారానికి రెండుసార్లు కాగితం మీద రాసుకోండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర చూసుకోవాలి. మందుకు ఉసిరి తోడై అంకె మరీ కిందికి పడి ఉండవచ్చు.

- రక్తహీనత ఉన్నవారికి: ఆకుకూర పప్పులో, రాగి సంకటితో పచ్చి ఉసిరి తినండి. అందులోని విటమిన్ సి తిండిలోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. పొడిలో మాత్రం వగరు ఎక్కువ, అది ఇనుమును అడ్డుకునే గుణం. ఐరన్ మాత్రతో కలిపి పొడి వేసుకోవద్దు.

ఏ మాత్ర వేసుకుంటున్నా పొడికీ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు పొడిని మధ్యాహ్నానికి మార్చుకోండి. ఉసిరి నీళ్లు తాగాక నోరు పుక్కిలించాలి, వెంటనే పళ్లు తోమకూడదు. పులుపుకు మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌తో అరుగుతుంది.

ఎవరు జాగ్రత్త పడాలి

రక్తం పలచబడే మందులు (వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్) వాడేవారు డాక్టరును అడగకుండా పొడి మొదలుపెట్టవద్దు. రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కడుపులో పుండు ఉన్నవారు పొడికి దూరంగా ఉండటమే మంచిది. గర్భిణులు కూరలో, పచ్చడిలో తినవచ్చు, మందు మోతాదులో పొడి మాత్రం వైద్యుల సలహా లేకుండా వద్దు. చిన్నపిల్లలకు పచ్చి కాయ ముక్క చాలు, పొడి అక్కర్లేదు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మలబద్ధకానికి వాడితే వారం పది రోజుల్లో తేడా తెలియాలి. తెలియకపోతే మోతాదు పెంచుకుంటూ పోకండి. నీళ్లు ఎన్ని తాగుతున్నారో, ఆకుకూరలు ఎంత తింటున్నారో చూడండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. షుగరుకైతే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షే అసలు లెక్క, ఒకరోజు తగ్గిన అంకె కాదు. జలుబు రాకుండా ఆపుతుందని వాడేవారు ఫలానా రోజుకు ఫలితం కనిపించాలని ఎదురుచూడకండి. ఉసిరి తిన్నా జలుబు చేస్తుంది.

ఏడాది దాటిన సరుకు

ఒరుగులు చీకటిగా, పొడిగా ఉండే చోట ఏడాది నిలుస్తాయి. పొడి రెండు నెలల్లో వాడేయండి. సీసాలో తడి చెంచా పెట్టవద్దు, పొయ్యి పక్క అరలో ఉంచవద్దు. పులుపు తగ్గినా బూజు, వాసన లేని పాత పొడి తలకు పనికొస్తుంది. ఇక్కడ మాత్రం ఇనుప మూకుడే కావాలి. పొడిని చిక్కటి టీ డికాక్షన్‌తో కలిపి రాత్రంతా మూకుడులో నానబెడితే తెల్లారేసరికి నల్లగా అవుతుంది. గోరింటాకు పొడి కలిపి తలకు పట్టించి గంట తరువాత కడిగేయండి. తెల్ల జుట్టు మీద ముదురు ఛాయ వస్తుంది కానీ రెండు మూడు వారాల్లో వెలుస్తుంది. ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి, దురద లేకపోతేనే తలకు పెట్టుకోండి. భుజాల మీద పాత తువ్వాలు కప్పుకోండి, ఆ నలుపు బట్టకు అంటితే ఉతికినా వదలదు.